చిన్నమ్మ కలలోకి వచ్చే మా అమ్మ

మా అమ్మ మృగశిర కార్తెకు కాస్త ముందు చనిపోయింది. విత్తనాలమ్ముకుని బతికే ఇంట్లో మనిషి పోవడానికి ఏడాది మొత్తంలో అంతకంటే పనికిరాని సమయం లేదు. బాపు దుకాణం వరంగల్ మార్కెట్ పక్కన. మబ్బు పట్టిందంటే చాలు, ఊళ్ల నుంచి వచ్చిన రైతులు షట్టరు తీయకముందే అరుగు మీద కూర్చుని ఉండేవారు. సరిగ్గా అప్పుడే ప్రతి ఏడూ అమ్మ సంవత్సరీకం వచ్చి పడేది. మా చుట్టాలందరివీ వ్యవసాయాలే కాబట్టి వాళ్లూ దుక్కులు వదిలేసి ముఖాలు ముడుచుకుని వచ్చేవారు. హన్మకొండలో ఉండే మా మేనత్త, అంటే బాపు వాళ్లక్క, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ ఏటా ఒకే మాట అనేది: "జర దసరా ముంగట పోతే ఏమాయె ఈ పొల్ల! అందరికి తీరిక ఉండు."

బాపు దీనికి ఎన్నడూ జవాబివ్వలేదు. ఆయన దేనికీ జవాబిచ్చే మనిషి కాదు.

అమ్మ పోయింది కామెర్లతో. నేనప్పుడు గోడ పట్టుకుని నడిచే పిల్లను. ఒంట్లో బాగుండక పుట్టింటికి పోయింది. ధర్మసాగర్ దాటాక వాళ్ల ఊరు. అక్కడ అమ్మమ్మ ఆకు పసరు పోయించింది. దవాఖాన మాటెత్తితే, సూది పొడిస్తే కామెర్లు ముదురుతాయని కొట్టిపారేసింది. చివరికి బాగా ముదిరిన తర్వాతే దవాఖానకు తెచ్చారు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎవరూ ఎత్తరు కాబట్టే చిన్నప్పటి నుంచీ నాకు బాగా తెలుసు.

ఏడాది తిరిగాక చిన్నమ్మ వచ్చింది. మా దగ్గర రెండో భార్యగా వచ్చిన ఆడమనిషి పుస్తెల పక్కన ఇంకో బిళ్ల వేసుకుంటుంది. దాని మీద ఆడమనిషి రూపు అచ్చు వేసి ఉంటుంది. పోయిన మొదటి భార్య అన్నమాట. సవతి బిళ్ల అంటారు. ఇంట్లోకి కొత్త చీర వస్తే ముందు ఆమెకు చూపాలి, పండుగ నాడు ముందు ఆమెకు పెట్టాలి. ఆ రూపుకు కళ్లూ ముక్కూ సరిగ్గా ఉండవు. ఏ ఇంట్లో చూసినా సవతులంతా ఒకే తీరుగా ఉంటారు. ఎన్నడూ చూడని మనిషిని అలా మెడలో వేసుకుని, "అక్క" అని పిలుచుకుంటూ చిన్నమ్మ కొత్తవాడలోని మా ఇంట్లో అడుగు పెట్టింది. మొదటి రోజే నేను ఆమె చెయ్యి కొరికానట. "కోడికూర వండిపెట్టిన. మల్ల కొరకలే," అంటుంది ఇప్పటికీ.

సంవత్సరీకం నాడు చాప మీద అమ్మ పేరున చీర పెట్టి, పసుపు కుంకుమ గాజులు పెట్టి, ఆమెకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో వడ్డించాలి. చిక్కంతా ఇష్టమైనవి ఏవి అన్న దగ్గర వచ్చింది. మొదట్లో సర్వపిండీ పచ్చిపులుసూ అన్నారట. తర్వాత మేనత్త, "మా మరదలు గారెలంటే పడి సచ్చేది," అంది. గారెలు చేరాయి. ఇంకో ఏడు దూరపు చుట్టం ఒకాయన తలకాయకూర అన్నాడు. అది అమ్మకు ఇష్టమో కాదో గానీ ఆయనకు ఇష్టమని తినే తీరు చూస్తే తెలిసిపోయేది. అమ్మ గుణాలు కూడా కూరలతో పాటే పెరిగాయి. ఏటికేడు పొడుగైంది, తెల్లబడింది. నేను హైస్కూలుకొచ్చేసరికి ఆమె ఒక్కతే ఎకరం నాటు వేసేదనీ, పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడలేదనీ తేలింది. చిన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఇవన్నీ వినేది. పొగకు కళ్లు తుడుచుకుంటూ, "గంత మంచిదా అక్క!" అనేది. ఎగతాళో కాదో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

కలలు ఎమర్జెన్సీ ముందటి ఎండాకాలంలో మొదలయ్యాయి. అంతకుముందే చిన్నమ్మ ఫ్యాను కావాలని బాపును అడిగీ అడిగీ విసిగిపోయి ఉంది. బాపు "సూద్దాం" అనేవాడు. మా ఇంట్లో "సూద్దాం" అంటే ఆ వస్తువును మనం చూడబోమని. ఒకరోజు పొద్దున చిన్నమ్మ చాయ్ ఇస్తూ, మామూలు గొంతుతో, "రాత్రి అక్క కలలకు అచ్చింది," అంది. బాపు సాసరు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు.

"ఏమన్నది?"

"ఏమంటది! ఇంట్ల ఉడ్కవోస్తాందన్నది. పొల్లకు సెమటకాయలు అయినయన్నది."

సాయంత్రానికి ఫ్యాను వచ్చింది, దాన్ని బిగించే మనిషితో సహా. బతికున్న భార్య అడిగితే పలకని మనిషి, పోయిన భార్య అడిగితే పరుగెత్తాడు. చిన్నమ్మ ఫ్యాను కింద కూర్చుని కాసేపు ఆలోచించింది. ఏం ఆలోచించిందో తర్వాతి ఏళ్లలో తెలిసింది. అక్కకు ఇంట్లో నల్లా కావాల్సి వచ్చింది. వీధి నల్లా దగ్గర బిందెల కొట్లాట ఆమె చూడలేకపోయిందట. ఒకసారి చెల్లెను, అంటే చిన్నమ్మను, పుట్టింటికి పంపమని అక్కే చెప్పింది. బతికుండగా సినిమా చూసిందని ఎవరూ చెప్పని మనిషికి పోయాక సినిమాల మీద మనసు పుట్టింది. మేం అందరం మ్యాట్నీకి పోయాం. న్యాయంగా చెప్పాలంటే చిన్నమ్మ దీన్ని అడ్డగోలుగా వాడుకోలేదు. అవసరం పడ్డప్పుడే అక్క వచ్చేది.

నేను చిన్నదాన్నే గానీ మరీ అంత అమాయకురాలిని కాను. ఒకనాడు బియ్యంలో రాళ్లేరుతుంటే పక్కన చేరి అడిగాను, "కలల అమ్మ ఎట్లుంటది?" అని.

చిన్నమ్మ చాటలోంచి తలెత్తలేదు. "నీకెట్లుండాలె?"

"నాకేం ఎర్క?"

"అయితే ఇప్పటికి నాకసొంటి మొకమే అనుకో. పెద్దగయినంక మార్సుకో."

మార్చుకునే అవసరం చాలా ఏళ్లు రాలేదు.

అమ్మమ్మ మాత్రం సంవత్సరీకం నాడు తప్ప మా ఇంటికి వచ్చేది కాదు. మొదటి బస్సుకు దిగి, గోడకానుకుని కూర్చునేది. అందరూ అమ్మ ముచ్చట్లు చెప్పుకుంటుంటే ఆమె ఒక్క ముక్క కలిపేది కాదు. చిన్నమ్మ ఆమెను "అమ్మా" అనేది. ఆమె చిన్నమ్మను ఏమీ అనేది కాదు. "ఇగో, జర నీళ్లు," అంతే. ఎవరైనా కలల మాటెత్తితే చాలు, లేచి పెరట్లోకి పోయేది. "బిడ్డ సంసారం ఇంకోతి ఏలుతాంటే కడుపుమంట ఉండదా," అని మేనత్త తేల్చేసింది. మేమందరం అదే నమ్మాం. బాపు ఆమెను "అచ్చినవా, తిన్నవా" అని రెండు మాటలు అడిగి దుకాణానికి పోయేవాడు. పసరు సంగతి ఆ రెండు మాటల మధ్య ఎక్కడో ఉండేది.

నేను పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైన ఏడు, రిజల్ట్సూ సంవత్సరీకమూ దాదాపు కలిసి వచ్చాయి. హన్మకొండ కాలేజీలో ఇంటరు చేరాలని నా కోరిక. కోరిక కాదు, పట్టు. అన్నం మానేస్తానని కూడా బెదిరించాను గానీ ఆ రోజు చిన్నమ్మ చేపలు వండింది. ఇంతలో ఊరి నుంచి అమ్మమ్మ కబురు పంపింది: ఈసారి వచ్చినప్పుడు పొల్ల ముచ్చట తేల్చుకుంటాననీ, ఆషాఢం రాకముందే ముహూర్తం పెట్టుకుందామనీ. నన్ను ఆమె చిన్నకొడుక్కు, అంటే మా మేనమామకు చేసుకోవాలని ఆమె ఎప్పటి నుంచో అనుకుంటోంది. మామ చెడ్డవాడేం కాదు. వచ్చినప్పుడల్లా నాకు సీతాఫలాలు తెచ్చేవాడు. ఆయనకు నేనంటే ఇష్టమో కాదో తెలియదు. ఎద్దులంటే మాత్రం ప్రాణం. వాటి గురించి మాట్లాడేటప్పుడు ఆయన ముఖం చూస్తే నేను ఆ ఇంట్లో మూడోదాన్నవుతానని అర్థమయ్యేది.

ధైర్యం చేసి బాపును అడిగాను, "నేను కాలేజీల చేరుత బాపూ," అని.

"సూద్దాం," అన్నాడు.

నేను వంటింట్లోకి వచ్చి ఏడుపు మొదలుపెట్టాను. చిన్నమ్మ మినపపప్పు కడుగుతూ అంతా విన్నది. "ఏడ్వకు. ఫికర్ చెయ్యకు," అంది. "ఇది నాతోని అయ్యేటట్టు లేదు. అక్కతోని అయితది."

సంవత్సరీకం నాడు ఎప్పటిలాగే చీర పెట్టారు, దీపం పెట్టారు, ఆకు నిండా వడ్డించారు. ఎప్పటిలాగే తిన్నారు. తలకాయకూరాయన ఆ ఏడు కూడా వచ్చాడు. భోజనాలయ్యాక మగవాళ్లు ముందు గదిలో చేరారు, ఆడవాళ్లు గుమ్మం దగ్గర. బాపు వక్క కత్తిరిస్తున్నాడు. అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"అల్లుడా, ఇగ పొల్లను నాకియ్యి. నా బిడ్డ ఎట్ల లేకపాయె. బిడ్డ బిడ్డనన్న నా ఇంట్ల తిరుగని."

బాపు వక్క కత్తిరిస్తూనే ఉన్నాడు. మా ఇళ్లలో మగవాడు కాదనకపోతే అవునన్నట్టే లెక్క. "మంచి మాటనే. మేనరికమాయె, ఎతకవోయే పని లేదు," అంది మేనత్త. మామ వాకిలి నుంచి ఆకాశం చూసి, "ఇయ్యాల పడేటట్టే ఉన్నది," అన్నాడు. వాన గురించి. ఎంగిలాకులు తీసే నెపంతో అక్కడే నిలబడ్డాను.

చిన్నమ్మ మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ఒక్కొక్కరికీ ఇస్తూ, పక్కింటి సంగతి చెప్పినట్టు, "రాత్రి అక్క కలలకు అచ్చింది," అంది.

బాపు చేతిలో అడకత్తెర ఆగింది.

"ఏమన్నది?" అడిగింది మేనత్త.

"పొల్లను సదివియ్యుమన్నది. ఇంటర్ల ఎయ్యుమన్నది. సైన్సు తీస్కొమ్మన్నది."

సైన్సు అనకుండా ఉండాల్సింది. మేనత్తకు అక్కడే దొరికింది. "ఔ మల్ల! మా మరదలు బడి మొకమే సూడకపాయె. సైన్సంటే ఏందో ఆమెకెట్ల ఎర్క?"

చిన్నమ్మ ఏమాత్రం తడబడలేదు. "సచ్చినంక అన్ని ఎర్కయితయి వదినె."

ఎవరో నవ్వబోయి మజ్జిగలోకి దగ్గారు. మేనత్త మాత్రం వదల్లేదు. "గట్లయితే కన్నతల్లి ఈన్నే ఉన్నది గద. ఆమెనే చెప్పనియ్యి. నీ బిడ్డ గట్ల అంటదా పెద్దమ్మా?"

అందరూ అమ్మమ్మ వైపు తిరిగారు. అమ్మమ్మ లేచింది. పెరట్లోకి పోతూ చిన్నమ్మను చూసి, "ఇటు రా," అంది. చిన్నమ్మ వెనకాలే పోయింది. నేను ఆకులు పట్టుకుని వాళ్ల వెనకాల పోయాను. పారేయాలి కదా.

నల్లా దగ్గర అమ్మమ్మ ఆగింది. చిన్నమ్మ కంటే జానెడు పొట్టి మనిషి, తలెత్తి చూస్తూ అడిగింది.

"నిజం చెప్పు. దీపం సాక్షి. నా బిడ్డ నీ కలలకు అస్తదా?"

నేను మనసులో "అస్తదను, అస్తదను" అనుకుంటున్నాను. ఆ ఒక్క మాట మీద నా కాలేజీ ఉంది. అవునంటే అమ్మమ్మ ఇక కాదనలేకపోతుంది. చిన్నమ్మ నోరు తెరిచింది. అమ్మమ్మ ముఖంలోకి చూసింది. మళ్లీ మూసుకుంది.

"రాదమ్మా," అంది.

"ఎన్నడన్న?"

"ఎన్నడు రాలె. ఫాను నేనే అడిగిన. మీ అల్లుడు నా మాట ఇనకపాయె, అక్క మాటని చెప్పిన."

"నల్లా?"

"నల్లా గూడ నేనే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫ్యానుకూ నల్లాకూ మ్యాట్నీకీ రెప్ప కొట్టకుండా అబద్ధమాడిన మనిషికి, సరిగ్గా నా చదువు దగ్గరికి వచ్చేసరికి సత్యం గుర్తొచ్చింది! తర్వాత ఎన్నోసార్లు అడిగాను ఎందుకలా చేశావని. "నువ్వు ఆమె ఎన్క ఉన్నవు. మొకం సూడలే," అనేది, అంతే.

అమ్మమ్మ బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. ఇక లేచి లోపలికి పోయి, ఇదంతా దొంగ మాట అని చెప్పి, ముహూర్తం అడుగుతుందని నేను నిలబడి ఎదురుచూస్తున్నాను. ఆమె లేవలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందని తెలిసింది.

"నీగ్గూడ రాలేదా?" అంది.

"రాలే అమ్మా. ఎవ్వలకు రాలె."

"నాకొక్కదానికే రాలేదనుకున్న." కొంగు తీసి ముక్కు తుడుచుకుంది. "పసరు నేను పోయించిన గద. దవాఖానకు తోల్కపోతమంటే వద్దన్న గద. గా కోపానికి రాదనుకున్న. ఎన్నడు సూడనిదాని నిద్రలకు పోయి ఫాన్లడుగవట్టె, సిన్మాలడుగవట్టె, కన్నదాని దిక్కు తొంగన్న సూడకపాయెనని... పండుకునేముందు ఎన్నిసార్లు పిల్సిన్నో. ఒక్కపారి రావే, తిట్టనన్న తిట్టిపో అని."

చిన్నమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుంది. "నాకెరుక లేకపాయెనమ్మా. ఎరుకుంటే ఉడ్కతోనే సద్దుకుందును," అంది. ఏడుస్తూనే అంది.

అన్నేళ్లూ మేం కడుపుమంట అనుకున్నది ఇది. నా చేతుల్లో ఆకులు అలాగే ఉన్నాయి. నాకు కాలేజీ గుర్తులేదు.

కాసేపటికి అమ్మమ్మ నల్లా తిప్పి ముఖం కడుక్కుంది. చిన్నమ్మ కొంగు లాక్కుని దాంతోనే తుడుచుకుంది. "లే బిడ్డా. సల్ల సల్లగయితది," అంది. మజ్జిగ చల్లారేదేముంటుందో గానీ, ఆమె చిన్నమ్మను బిడ్డా అనడం అదే మొదలు. ఇద్దరూ లోపలికి పోయారు.

మేనత్త గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమాయె పెద్దమ్మా? అచ్చిందా, రాలేదా?"

"అచ్చింది," అంది అమ్మమ్మ. గోడకానుకుని కూర్చుంది. "దానికి రాత్రి అచ్చింది. నాకు పొద్దుగాల అచ్చింది."

"పొద్దుగాలనా? ఎక్కడ?"

"బస్సుల. ధర్మసాగర్ దాటినంక జర కన్నంటుకున్నది."

పుట్టి అంత వయసొచ్చినా అబద్ధమాడటం ఆమెకు చేతకాదని వింటుంటేనే తెలుస్తోంది. ఒక్కో మాటా వెతుక్కుని చెబుతోంది. "పొల్లను సదువుకోనియ్యమన్నది. తొందరేమున్నదన్నది. తమ్మునికి ఇంకో పిల్లను సూడుమన్నది." మామ ఆకాశం వైపు నుంచి తల తిప్పి, "మంచిది," అన్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడిన రెండో మాట అది. ఆ తర్వాత పాలకుర్తి వైపు సంబంధం చేసుకుని సుఖంగా ఉన్నాడు.

మేనత్తకు ఇంకా నమ్మకం చిక్కలేదు. "ఏం చీర కట్టుకున్నది మరి?"

అమ్మమ్మ జవాబు కోసం వెతుక్కోలేదు ఈసారి. "ఆకుపచ్చది. సంకురాత్రికి నేను కొన్నది. నా పక్కన కిటికి కాడ కూసున్నది. గాలికి వెంట్రుకలు మొకం మీద పడ్తాంటే ఎనుకకు అనుకుంట... చిన్నప్పటి నుంచి గదే అలవాటు, నూనె పెట్టుకోవే అంటే ఇనదు. మనిషి ఏం పొడుగు గాదు, నా అంతనే. నలుపు. మీరు తెలుపంటరు గని నా బిడ్డ నలుపు. ముంగటి పన్ను జర ఇరిగి ఉంటది, గోలీలాటల పోరగాండ్లతోని కొట్లాడి పడ్డది. కోపమొస్తే గింత పెద్ద గొంతు, ఊరంత ఇనవడ్తది..." ఎవరూ ఆపలేదు. అన్నేళ్లుగా నోరు విప్పని మనిషి ఆగకుండా చెబుతూ పోయింది. పొడుగూ తెలుపూ, పెంచని గొంతూ అన్నీ ఒక్కొక్కటే ఊడిపోయి, పన్ను విరిగిన ఒక నల్లటి గయ్యాళి పిల్ల మా ముందు గదిలో కూర్చుంది. నాకు అమ్మ గురించి ఉన్న జ్ఞాపకం అదొక్కటే. బస్సులో ఆమెను నేను కూడా చూశాననే ఇప్పటికీ అనిపిస్తుంది.

చెప్పీ చెప్పీ అమ్మమ్మ ఆగింది. ఎవరూ ఏమీ అడగకుండానే, నేల చూస్తూ, ఇంకో మాట అంది.

"నామీద కోపమేం లేదన్నది."

మేనత్త తల దించుకుంది. అప్పుడు బాపు అడకత్తెర కింద పెట్టాడు. ఎవరికీ దేనికీ జవాబివ్వని మా బాపు లేచి, ఆమె దగ్గరగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"కోపమెందుకుంటదత్తమ్మా," అన్నాడు. "ఆమెకుంటే నాకు చెప్పకపోవునా?"